శనివారమా, ఆదివారమా? ఆదివారం డ్యూటీకి వెళ్తే విశ్రాంతిదినాన్ని మీరినట్టేనా?

వందనాలు సిస్టర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ పుట్టిల్లు బాప్టిస్టు, మెట్టినిల్లు శనివారం ఆరాధించే అడ్వెంటిస్టు సంఘం. ఆదివారం ఆరాధన మనుషులు పెట్టుకున్నదని, అదే మృగము ముద్ర (ప్రకటన గ్రంథంలో దేవుని విరోధి వైపు చేరినవాళ్ళకు పడే గుర్తు) అని మీ అత్తగారు అంటున్నారు. శనివారం వెళ్తే మళ్ళీ మోషే ధర్మశాస్త్రం కిందికి పోయినట్టేనని అమ్మగారు ఫోన్లో ఏడుస్తున్నారు. మీరేమో నర్సు, నెలలో రెండు ఆదివారాలైనా డ్యూటీ పడుతుంది, ఒక్కోసారి శనివారాలు కూడా. పైగా డిసెంబరు దగ్గరపడుతోంది, ఇంటికి క్రిస్మస్ స్టార్ కట్టాలా వద్దా అని ఇంకో గొడవ. ఏ రోజు ఆచరిస్తే దేవునికి ఇష్టం, డ్యూటీ వల్ల మానేస్తే పాపమా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఏ రోజు ఆరాధించారన్నదాన్ని బట్టి మీ రక్షణ రాదు, పోదు. భర్తతో కలిసి శనివారం మందిరానికి వెళ్ళండి, మనసులో ఏ భయమూ పెట్టుకోకండి. ఆదివారం ఖాళీ ఉంటే అమ్మవాళ్ళ సంఘానికీ వెళ్ళండి. రోగి దగ్గర డ్యూటీ చేయడం విశ్రాంతిదినాన్ని మీరడం కాదు. కానీ వారంలో ఒక రోజు నిజంగా పని ఆపి దేవుని ఎదుట కూర్చోవడం మాత్రం వదులుకోవద్దు. అందరూ ఏ రోజు అని కొట్టుకుంటారు గానీ, ఆ రోజున ఇంట్లో ఎవరికి విశ్రాంతి దొరికింది అని అడిగేవాళ్ళు తక్కువ. నా మాట ప్రధానంగా దాని గురించే.

నేను ప్రకాశం జిల్లాలో పల్లె సంఘాల్లో ఇరవై ఏడేళ్ళుగా కాపరిగా ఉన్నాను. బాప్టిస్టునే. అయినా మా వాళ్ళ పక్షాన మాట్లాడటానికి రాయడం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మీ అత్తగారి మాటలో నిజం ఎంత ఉందో ముందు చూద్దాం. విశ్రాంతిదినాన్ని ఏడవ రోజు నుంచి మొదటి రోజుకు మార్చాము అని చెప్పే వచనం కొత్త నిబంధనలో ఒక్కటీ లేదు. ఇది మనం ఒప్పుకోవాలి. "బైబిల్లో ఆదివారం అనే రాసి ఉంది కదా" అని మన సంఘాల్లో చాలామంది వాదిస్తారు. అపొస్తలుల కార్యములు 20:7లో, 1 కొరింథీయులకు 16:2లో మన తెలుగు బైబిలు "ఆదివారమున" అనే అంటుంది, నిజమే. కానీ గ్రీకులో ఉన్నది వారపు మొదటి రోజు అనే అర్థమిచ్చే మాట. తెలుగు చేసినవాళ్ళు మనకు తెలిసిన వారం పేరు పెట్టారు. అది తప్పు అనువాదం కాదు, అయితే ఆ పదాన్ని పట్టుకుని అడ్వెంటిస్టు సోదరులతో వాదనకు దిగితే మనమే ఇబ్బంది పడతాం. నేను కొత్తలో అలా ఇబ్బంది పడినవాణ్ణే.

మరి ఆదివారాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి పెట్టాడా అంటే, అదీ కాదు. ఆయన క్రీ.శ. 321లో ఆదివారం సెలవని చట్టం చేశాడు, నిజం. కానీ అంతకు నూట అరవై ఏళ్ళకు పైగా ముందే, 155 ప్రాంతంలో, జస్టిన్ అనే విశ్వాసి రోమా చక్రవర్తికి రాసిన విన్నపంలో తమ ఆదివారపు కూడిక ఎలా జరుగుతుందో వివరంగా చెప్పాడు. లేఖనాలు చదువుతారు, ప్రార్థన చేస్తారు, రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారు, అనాథలకు విధవరాండ్రకు చందా పోగు చేస్తారు. అందులో ఒక ముక్క మీరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి: రాలేకపోయినవాళ్ళ వంతు రొట్టెను పరిచారకులు వాళ్ళున్న చోటికే తీసుకెళ్ళి ఇచ్చేవారు. అంటే ఆ రోజుల్లోనూ కూడికకు రాలేకపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను సంఘం తోసేయలేదు, వాళ్ళ దగ్గరికే వెళ్ళింది.

ఇంకా వెనక్కి వెళ్తే, 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి క్రైస్తవులను విచారించి చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వీళ్ళు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తుకు పాటలు పాడతారు అని అందులో ఉంది. ఎందుకు తెల్లవారకముందే? నాకైతే ఒకటే కారణం తోస్తుంది. వాళ్ళలో దాసులు, కూలివాళ్ళు ఉన్నారు, తెల్లారితే యజమాని పనిలోకి వెళ్ళాలి. అప్పటికి ఆదివారం ఎవరికీ సెలవు దినం కాదు. మూడు వందల ఏళ్ళ పాటు మన విశ్వాసపు పెద్దలు ఆదివారం ఆరాధించి, అదే ఆదివారం పనికి వెళ్ళారు. కాబట్టి మార్నింగ్ షిఫ్టుకు ముందు నాలుగున్నరకు లేచి మీరు చదువుకునే కీర్తన, చర్చిలో మైకు ముందు పాడే పాటకంటే ఏమీ తక్కువ కాదు.

కాన్‌స్టంటైన్ చట్టంలో ఇంకో సంగతి ఉంది. పట్టణాల్లో ఉండేవాళ్ళు, న్యాయాధికారులు, పనివాళ్ళు ఆ రోజు పని ఆపాలి, పల్లెల్లో వ్యవసాయం చేసేవాళ్ళు మాత్రం పని చేసుకోవచ్చు అని మినహాయింపు ఇచ్చాడు. వాన పడే అదను, విత్తే అదను పోతుందని. దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, మా ఒంగోలు వైపు జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు.

1860ల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చాక మాదిగపల్లెల్లో సువార్త పాకింది. కొత్తగా విశ్వసించినవాళ్ళకు నియమాలు ఎక్కువ లేవు, ముఖ్యంగా మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మొదటి రెండూ వాళ్ళ చేతుల్లో ఉన్నవి. మూడోది అలా కాదు. తరతరాలుగా పిలిస్తే వెళ్ళాల్సినవాళ్ళు, తోలు పని, మోట తాళ్ళు, చెప్పులు, కోతలు, ఏ పని చెప్తే ఆ పని చేయాల్సినవాళ్ళు, "ఈ రోజు రాము, ఇది మా దేవుని రోజు" అన్నారు. ఆ ఒక్క మాటకు ఊళ్ళో పెత్తందార్లతో ఎన్ని ఘర్షణలు పడ్డారో. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే, వాళ్ళలో ప్రతి ఒక్కరూ ఈ మూడో నియమం ఖరీదు ఎంతో తెలిసి నీళ్ళలోకి దిగినవాళ్ళే.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం తెరవండి. నిర్గమకాండం 20లో దేవుడు సృష్టి పని ముగించి విశ్రమించాడు గనుక ఆ రోజును పరిశుద్ధంగా ఆచరించమని ఉంటుంది. ద్వితీయోపదేశకాండంలో అదే ఆజ్ఞకు వేరే కారణం చెప్తాడు: నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి, ఐగుప్తులో నువ్వూ దాసుడివే, గుర్తుపెట్టుకో. విశ్రాంతిదినం మొదట దాసులకు దేవుడిచ్చిన సెలవు. ఫరో దగ్గర ఇటుకల లెక్కే తప్ప సెలవు లేదు. మా ముత్తాతల తరం ఈ వచనాన్ని చదవడం రాకుండానే అర్థం చేసుకుంది. వాళ్ళు ఏ రోజు పని ఆపారన్నదానికంటే, వాళ్ళకు పని ఆపే హక్కు ఉందని మొదటిసారి ఒక దేవుడు చెప్పాడన్నదే పెద్ద సంగతి. (మన దేశంలో కార్మికులకు ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే లాంటివాళ్ళు బొంబాయి మిల్లు కూలీల కోసం ఏళ్ళ తరబడి అడిగితే 1890లో వచ్చింది.)

సరే, ఇదంతా తెలిసి కూడా నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పాస్టరుగా కొత్తలో మా సంఘంలో ఒకాయన వరసగా ఐదు ఆదివారాలు రాలేదు. పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు) దగ్గర పని. మా వైపు వాళ్ళకు తెలుసు, ఆకు ఎక్కించి బ్యారన్‌కు నిప్పు పెట్టాక రాత్రింబవళ్ళు వేడి చూసుకుంటూ ఉండాలి. ఆదివారం కదా అని ఆపితే లోపలున్న ఆకంతా పోతుంది, దానితో రైతూ పోతాడు. ఆరో వారం, నెల మొదటి ఆదివారం, ఆయన వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గోళ్ళ సందుల్లో పొగాకు జిగురు నల్లగా పట్టి ఉంది, సబ్బుతో పోదది. ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి, వచ్చినప్పుడు, ఆదివారాన్ని లెక్కచేయనివాడివి ఈ నెలకు ఆగు అన్నాను, అందరి ముందూ. ఆయన ఏమీ అనలేదు. ఆ చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్ళి వెనక చాప మీద కూర్చున్నాడు. ఆ చేతులు నాకు ఇప్పటికీ కనపడతాయి. తర్వాత ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను, ఆయన క్షమించాడు. ఆ తర్వాత నుంచి సీజన్‌లో బ్యారన్ల దగ్గరికే వెళ్ళి, నిప్పు ముందు కూర్చుని వాక్యం చదివి వస్తున్నాం. నేను చదివిన చదువులో జస్టిన్ మాట ఉంది, కానీ అది నాకు అక్కడ అర్థమైంది.

మీ డ్యూటీ సంగతికి వద్దాం. యేసు ప్రభువు విశ్రాంతిదినాన ఏం చేశాడో సువార్తల్లో వెతకండి, ఎక్కువసార్లు కనిపించేది స్వస్థతే. ఊచ చెయ్యిగలవాడు, పద్దెనిమిదేళ్ళుగా నడుము వంగిపోయిన స్త్రీ, బేతెస్ద కోనేటి దగ్గరి రోగి, పుట్టుగుడ్డివాడు. సమాజమందిరపు అధికారి కోప్పడితే, మీ ఎద్దును గాడిదను విప్పి నీళ్ళకు తోలుకెళ్ళరా, అబ్రాహాము కుమార్తెను కట్టు నుంచి విడిపించవద్దా అన్నాడు. మరి ఐసీయూలో పడి ఉన్న మనిషికి మందు ఎక్కించే నర్సును ఏమంటాడు? అడ్వెంటిస్టు సంఘం కూడా ఈ విషయంలో మీకు అడ్డు చెప్పదు. వాళ్ళకు ప్రపంచమంతా ఆసుపత్రులున్నాయి, అవి శనివారం కూడా నడుస్తాయి. మీ అత్తగారికి ఈ మాట నెమ్మదిగా గుర్తుచేయొచ్చు.

మృగము ముద్ర మాట కూడా అంతే. వాళ్ళ సంఘపు అధికారిక బోధ ప్రకారం అది రాబోయే కాలానికి సంబంధించినది, ఆదివారాన్ని బలవంతంగా రుద్దే చట్టాలు వచ్చినప్పటి సంగతి. ఈ రోజు ఆదివారం ఆరాధించేవాళ్ళకు ఆ ముద్ర పడిపోయిందని వాళ్ళ సంఘం చెప్పదు, ఆదివారం వెళ్ళేవాళ్ళలో కూడా దేవుని నిజమైన ప్రజలు ఉన్నారనే చెప్తుంది. ఆ బోధతో నేను ఏకీభవించను, కానీ లేని మాట వాళ్ళకు అంటగట్టడమూ తప్పే. పెద్దావిడ భయంతో అంటున్నారు, కోడలు నశించిపోకూడదని. ఆ ప్రేమను చూడండి, ఆ భయానికి మాత్రం లొంగకండి.

క్రైస్తవుల్లో దీని మీద ఉన్న దారులు క్లుప్తంగా చెప్తాను. ఏడవ రోజే ఇప్పటికీ విశ్రాంతిదినం అనేవాళ్ళు ఉన్నారు. అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది 1863లో, అంతకు రెండు వందల ఏళ్ళ ముందే ఇంగ్లండులో శనివారం ఆచరించే బాప్టిస్టులు ఉన్నారు. ఇది మీ అమ్మగారికి చెప్పండి, ఆశ్చర్యపోతారు. రెండో దారి, విశ్రాంతిదినం ఆదివారానికి మారింది, పది ఆజ్ఞల్లో విశ్రాంతిదినం గురించిన నాలుగో ఆజ్ఞ ఇప్పుడు ఆదివారానికి వర్తిస్తుంది అనేది. ప్యూరిటన్ల (ఇంగ్లండులో పుట్టిన నియమనిష్ఠల ప్రొటెస్టెంట్ల) దారి, మన పాత మిషనరీల దారి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో స్కాట్లండు పరుగువీరుడు ఎరిక్ లిడెల్ వంద మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని పరుగెత్తకపోవడం ఈ పెంపకం వల్లే. మూడోది, విశ్రాంతిదినం క్రీస్తులో నెరవేరిన నీడ, ఆదివారం కూడుకోవడం పునరుత్థానాన్ని బట్టి సంఘం ఎంచుకున్న మంచి క్రమం అనేది. లూథరన్లు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో దాదాపు ఇలాగే రాసుకున్నారు. ఇథియోపియాలో ఆర్థొడాక్సు విశ్వాసులైతే శని, ఆది రెంటినీ గౌరవిస్తారు. నేను పెరిగింది రెండో దారిలో, వాక్యం చదివే కొద్దీ మూడో దారికి వచ్చాను. కొలొస్సయులకు 2:16, రోమీయులకు 14:5 నన్ను అక్కడికి తెచ్చాయి. పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం విషయంలో మీకు తీర్పు తీర్చడానికి ఎవరికీ అవకాశం ఇవ్వొద్దంటాడు పౌలు. ఎవరి మనసులో వాళ్ళు రూఢిపరచుకోవాలంటాడు. తోచినట్టు చేయమని కాదు, ఆలోచించి దేవుని ఎదుట నిలబడి చేయమని.

కువైట్ సంగతి చూడండి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్ళిన మనవాళ్ళు అక్కడ శుక్రవారం ఆరాధిస్తారు, ఎందుకంటే వారపు సెలవు అదే. మా సంఘం నుంచి వెళ్ళి ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) పనిచేసే ఒకావిడ, "అయ్యగారూ, శుక్రవారం బల్లలో చెయ్యి వేయొచ్చా?" అని ఫోన్ చేసి అడిగింది. వేయమ్మా అన్నాను. ఆవిడకు పదిహేను రోజులకు ఒక్క శుక్రవారం బయటికి పంపుతారు. ఆ ఒక్క పూట కోసం పదిహేను రోజులు ఎదురుచూసే మనిషికి రోజు పేరు సరిగా లేదని నేను ఎలా చెప్పను?

అయితే శనివారం సంఘం వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నాకు స్నేహితుడైన ఒక టీచరు ఇంటికి ఒక శుక్రవారం సాయంత్రం వెళ్ళాను. వాళ్ళ విశ్రాంతిదినం శుక్రవారం సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. సూర్యుడు దిగకముందే వంటిల్లు సర్దేశారు. మర్నాటికి పులిహోర కలిపి గిన్నె మీద పళ్ళెం బోర్లించి ఉంది. పిల్లల తలస్నానాలు అయ్యాయి, ఉతికిన బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఆయన టీవీ కట్టేసి ప్లగ్గు కూడా తీసి పక్కన పెట్టాడు. ఐదుగురూ చాప మీద కూర్చుని పాట అందుకున్నారు. ఆయన భార్య గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది, చేతిలో పని లేకుండా. ఏ ఆదివారమైనా మా ఇళ్ళలో ఆడమనిషి అలా కూర్చోవడం నేను చూశానా అని వచ్చేటప్పుడు దారంతా ఆలోచించాను.

మన ఆదివారం చూడండి. తెల్లవారుజామున లేచి ఇల్లు కడగాలి, కోడిని తేవాలి, మసాలా నూరాలి, పిల్లల్ని తయారు చేయాలి, చర్చి నుంచి రాగానే చుట్టాలకు వడ్డించాలి, మధ్యాహ్నం అంట్లు. మగవాళ్ళు భోంచేసి నిద్రపోతారు, విశ్రాంతిదినం ఆచరించామంటారు. నా భార్య ఒకసారి మామూలుగానే అంది, వారంలో తనకు అన్నిటికంటే బరువైన రోజు ఆదివారమేనని. అప్పటి నుంచి మా ఇంట్లో శనివారం రాత్రే చారు, పచ్చడి అయిపోతాయి, ఆదివారం పొయ్యి మీద ఎక్కేది అన్నం ఒక్కటే, అదీ నేనే పెడతాను. సంఘంలో కొందరికి ఇది నచ్చలేదు, పాస్టరు ఇంట్లో ఆదివారం కూర లేదా అన్నారు. ఫర్వాలేదు.

ఇక పండుగలు. క్రిస్మస్ గురించి తేలిగ్గా చెప్తాను, ఎందుకంటే దీని మీద అవసరానికి మించి వేడెక్కుతున్నాం. డిసెంబరు 25 అని బైబిల్లో లేదు. ఆ తేదీ 354 నాటి రోమా పట్టికలో కనిపిస్తుంది, అది ఎలా వచ్చిందన్నదాని మీద పండితులకు ఒకే మాట లేదు. ఆర్మీనియా సంఘం జనవరి 6నే చేస్తుంది. మన దగ్గర బ్రదరెన్ సంఘాల్లో, హెబ్రోను సంఘాల్లో చాలామంది చేయరు. అమెరికాలో మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేస్తే జరిమానా వేసేవారు. అంటే భక్తిగలవాళ్ళే రెండు వైపులా ఉన్నారు. ధర్మశాస్త్రంలో ఆజ్ఞ లేని ఆలయ ప్రతిష్ఠిత పండుగ సమయంలో ప్రభువు ఆలయంలో నడుస్తున్నట్టు యోహాను 10లో ఉంది, ఆ పండుగను ఆయన ఖండించలేదు. స్టార్ కట్టడం పుణ్యం కాదు, కట్టకపోవడం పరిశుద్ధతా కాదు. మీ అత్తగారి ఇంటి మీద కట్టి ఆవిడ మనసు నొప్పించకండి. పుట్టింట్లో ఉంటే సంతోషంగా కట్టండి.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. క్రిస్మస్ అన్యుల పండుగ అని వాదించే ఇంట్లోనే, కూతురి పెళ్ళికి చాటుగా ముహూర్తం అడిగించుకోవడం, ఆషాఢంలో ఇల్లు మారకపోవడం, అమావాస్య అని ప్రయాణం వాయిదా వేయడం చూశాను. గలతీయులకు 4:10లో దినాలను మాసాలను ఆచరిస్తున్నారని పౌలు దుఃఖపడింది, రోజుకు ఒక శక్తి ఉందని భయపడేవాళ్ళను చూసి. రోజును ప్రేమతో దేవునికి ఇవ్వడం వేరు, రోజుకు భయపడటం వేరు. శనివారం గురించైనా, ఆదివారం గురించైనా ఈ ఒక్క తేడా పట్టుకోండి. "వెళ్ళకపోతే ఏమవుతుందో" అన్న టెన్షన్‌తో వెళ్తున్నట్టయితే, ఏ రోజైనా అది విశ్రాంతి కాదు.

మీరు చేయగలిగేది ఇదీ. రోస్టర్ రాగానే మీరూ మీ ఆయనా కూర్చుని, ప్రతి వారం ఒక రోజును, శనివారం కుదిరితే అదే, లేకపోతే మీ వీక్లీ ఆఫ్‌ను, ముందే గుర్తు పెట్టుకోండి. ఆ రోజు అదనపు డ్యూటీ తీసుకోవద్దు. ఆ రోజు వంట ముందు రోజే అయిపోవాలి, ఆయన కూడా చెయ్యి వేయాలి, లేకపోతే ఆసుపత్రిలో డ్యూటీ ఇంట్లో డ్యూటీ అవుతుంది అంతే. మీ ఇంట్లో పనికి వచ్చే మనిషి ఉంటే ఆ రోజు జీతం కోయకుండా ఆమెకూ సెలవివ్వండి, ఆజ్ఞలో ఆమె కూడా ఉంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన ఉదయం మందిరంలో కూర్చుని తూగే బదులు నిద్రపోండి, సాయంత్రం ప్రార్థనకు వెళ్ళండి.

అత్తగారితో వచనాల వాదన పెట్టుకోకండి, మీరు గెలిచినా నష్టమే. శుక్రవారం సాయంత్రం డ్యూటీ లేనప్పుడు ఆవిడ పక్కన చాప మీద కూర్చుని పాట పాడండి. అమ్మగారితో మాత్రం నేను మాట్లాడతాను, ఒంగోలు వైపు వాళ్ళే అన్నారు కదా. ఆవిడ ఒప్పుకుంటే మీ సంఘం పాస్టరుగారి ద్వారా కబురు పెట్టండి, వచ్చి కలుస్తాను.